పక్కింటి అక్క జబ్బు పేరు

నా చిన్నప్పుడు మేము కోడూరు దగ్గర సముద్రపు పల్లెలో ఉండేవాళ్ళం. మా పక్కింటి అక్క బందరులో బీయస్సీ చదివేది. మా వాడలో అంత చదువుకున్న ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఒక ఏడు పరీక్షలు రాయకుండానే ఇంటికి వచ్చేసింది. మొహం ఉబ్బింది, కాళ్ళకు నీరు పట్టింది. డాక్టరుగారు ఉప్పు మానమన్నారట. ఇంటింటా ఎండుచేపలు వేగే మా వాడలో అక్క ఒక్కతే చప్పిడి కూడు తినేది.

"రేవు కాడ ఏదో సోకింది దానికి" అని ఆడవాళ్ళు చెవులు కొరుక్కునేవారు. అమ్మ నన్ను అటు వెళ్ళొద్దంది. అయినా బడి నుంచి వస్తూ పలకతోనే వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి, "అక్కా, నీకు దయ్యం పట్టిందా?" అని అడిగేశాను.

అక్క నవ్వింది. "దయ్యం కాదే, మూత్రపిండాల జబ్బు. దానికో పేరుంది. ఇలా రా, నేర్పుతాను."

నా పలక తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఇంగ్లీషు మాట రాసింది. అంత పొడుగు మాట చూసి నేను బెదిరిపోయాను. అక్క దాన్ని అరచేత్తో కప్పేసి, మొదటి ముక్క మాత్రం కనపడనిచ్చింది.

"మొత్తం చూడకు. కనపడిందే పలుకు."

గ్లో. చెయ్యి కాస్త జరిగింది. మె. రు. లో. నె. "ఇక్కడ ఒత్తి పలకాలి" అంటూ ఫ్రై చూపించింది. చివర్న టిస్. అన్నీ కలిపి గ్లోమెరులోనెఫ్రైటిస్ అన్నాను. అక్క మళ్ళీ మళ్ళీ అనిపించుకుని వింది.

వానలు మొదలవకముందే అక్క పోయింది.

పెద్దకర్మ అయ్యాక కూడా వాడలో ఆ గుసగుసలు ఆగలేదు. ఒకనాడు అక్క వాళ్ళమ్మ, నేను పెద్దమ్మా అని పిలిచే ఆవిడ, అరుగు మీద ఉండగానే ఎవరో "ఏ గాలో ఎత్తుకుపోయింది పిల్లని" అన్నారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"గాలి కాదు పెద్దమ్మా, గ్లోమెరులోనెఫ్రైటిస్! అక్కే చెప్పింది."

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "డాక్టరుగారు చెప్పారమ్మా, నాకే నోరు తిరగలా. ఏదీ, నాకూ చెప్పు."

ఒక్కో ముక్కా చెప్పాను. అక్షరం ముక్క రాని ఆవిడ, ఏడుస్తూనే, నా వెనకాల పలికింది. ఫ్రై దగ్గర ఆగిపోయి మళ్ళీ మొదలుపెట్టింది. వచ్చేదాకా నన్ను వదల్లేదు. ఆ తర్వాత ఎవరేమన్నా, తన బిడ్డ ఏ జబ్బుతో పోయిందో ఆవిడే చెప్పేది.

ఇప్పుడు నేనూ ముసలిదాన్ని అయ్యాను. ఎవరింట్లోనైనా జబ్బు మనిషి ఉంటే, వరండాలో గుసగుసలాడుకునే వాళ్ళతో కూర్చోలేను. తిన్నగా లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చుని, "ఏం జబ్బన్నారమ్మా?" అని అడుగుతాను. చాలామంది ఆ ఒక్క మాట అడిగేవాళ్ళ కోసమే ఎదురుచూస్తుంటారు.