బయటికి వచ్చేటప్పుడు కూడా అడగాలన్న మామ

పై ఇంటి మామ పోయిన వారం బుధవారం పొద్దున చనిపోయాడు. ఆఫీసుకు బయల్దేరి బూట్లు వేసుకుంటూ గుమ్మంలోనే పడిపోయాడట. అంబులెన్స్ వచ్చేసరికే అంతా అయిపోయిందని అత్త మా అమ్మకు ఫోన్ చేసి చెప్పింది. మన లైప్‌జిగ్ తెలుగు గ్రూపులో అందరూ దండం బొమ్మలు పెట్టారు. నాకు బొమ్మ పెట్టబుద్ధి కాలేదు. అందుకే ఇది టైప్ చేస్తున్నాను. పెద్దగా చదువుకోలేదు, తప్పులుంటే సర్దుకోండి.

మామ మాకు చుట్టం కాదు. వరంగల్ ఆయన, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మేం ఈ బిల్డింగ్‌కు వచ్చిన కొత్తలో చెల్లెలి వీల్‌చైర్ చక్రం లిఫ్ట్ సందులో ఇరుక్కుంటే వచ్చి తీశాడు. "ఏందిరా, నోరు ఎయిర్‌పోర్టుల మర్చిపోయి వచ్చినవా?" అని నన్ను అడిగాడు. నేను తల ఊపాను. చెల్లెలు పడీ పడీ నవ్వింది.

మా ఊళ్లో చెల్లెలికి ఏ బడిలోనూ సీటు ఇవ్వలేదు. ఇక్కడ మామూలు పిల్లల మధ్యే కూర్చుని చదువుకుంటోంది. వికలాంగుల హక్కుల కోసం చాలా దేశాలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయని, జర్మనీ అందులో ఉండడం ఆ సీటుకు పెద్ద అండ అని మాకు చెప్పింది మామే. ఒకరోజు టీవీలో ఎవరో నాయకుడు ఇలాంటి ఒప్పందాల్లోంచి బయటికి వచ్చేస్తామన్నాడు. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు.

"పిల్లను బడికెల్లి తీసేస్తరా అన్నా?" అని మామను అడిగింది.

"రేపే తియ్యరు చెల్లె, భయపడకు. కానీ వాళ్లకు అడ్డం ఎవలున్నరో సూడాలె."

మామ వారం పాటు అదే చదివాడు. చేరేటప్పుడు పార్లమెంటు ఓటు వేసింది. బయటికి వచ్చేటప్పుడు మళ్లీ ఓటు వేయాలని మాత్రం ఎక్కడా గట్టిగా రాసి లేదట. సర్కారు ఒక ఉత్తరం పంపితే చాలంటారట.

సరిగ్గా అప్పుడే మూడో అంతస్తులో కలిసి ఉండే ఇద్దరు స్టూడెంట్లలో ఒకడికి బెర్లిన్‌లో ఉద్యోగం వచ్చింది. ఇల్లు వదిలేస్తున్నానని ఓనర్‌కు తానొక్కడే క్యుండిగుంగ్, అంటే ఖాళీ చేసే నోటీసు, రాసి పంపాడు. కాంట్రాక్టులో ఇద్దరి సంతకాలున్నాయి, ఒక్కడు రాస్తే చెల్లదని ఓనర్ తిప్పి పంపాడు. వాడు ఏడుపు ముఖంతో మామ దగ్గరికి వచ్చాడు. మామ చాయ్ తాగడం ఆపేశాడు.

"అరె, రెండు గదుల ఇంటికి గింత అడ్డం ఉన్నది. దేశానికి లేదారా?"

"దేశం తర్వాత అన్నా, ముందు నా ఇంటి సంగతి చెప్పు," అన్నాడు వాడు.

మామ వాడి పని చూసిపెట్టి, పార్లమెంటుకు పిటిషన్ వేశాడు. అందులో అడిగింది ఒకటే: ఏ ఒప్పందంలోంచి బయటికి రావాలన్నా సర్కారు ముందు పార్లమెంటు ఒప్పుకోలు తీసుకోవాలి, అంతే. సంతకాలు బాగా వస్తే కమిటీ మామను పిలిచి అందరి ముందు వింటుంది. రాకపోతే కాగితాల మీదే తేల్చేస్తారు.

మన గ్రూపులో ఏమన్నారో మీకు గుర్తుండే ఉంటుంది. మనకు ఓటే లేదు, సంతకం ఎందుకన్నారు. బ్లూ కార్డ్ వీసా రిన్యూవల్ ఉంది, ఈ గోల వద్దన్నారు. "ఓటు వేరు, పిటిషన్ వేరు తమ్మీ. ఇక్కడ ఉండేటోడు ఎవడన్నా అడగొచ్చు. అడిగితే కార్డు గుంజుకోరు," అని మామ అందరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్ పెట్టాడు. చాలామంది వినలేదు.

శనివారాలు సంతకాల కోసం సంతలో నిలబడేవాళ్లం. మామ చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకునేవాడు. వాదించడానికి వచ్చినవాళ్లకు కమలాపండు వలిచి తొనలు ఇచ్చేవాడు. సర్కారుకు తొందరగా పని చేసే వీలుండాలి కదా అని ఒక ముసలాయన గట్టిగా అరిస్తే, జర్మన్‌లో ఏదో చెప్పి ఆయన్ను నవ్వించాడు. నాకు తెలుగులో మళ్లీ చెప్పాడు: "జల్ది ఉరకాల్సింది మంటలకెల్లి. ఒప్పందంలకెల్లి కాదు." తిట్టి పోయినవాళ్లను చూసి కూడా, "ఆగి తిట్టిండు కదరా, మనకు అదే ఎక్కువ," అనేవాడు.

మొన్న శుక్రవారం అత్త మామను ఇండియాకు తీసుకువెళ్లింది. నిన్న శనివారం సంతకాలకు ఆఖరి రోజు. గ్రూపులో ఎవరైనా రండి అని అడిగాను. అందరూ చూశారు, ఎవరూ రాలేదు. చెల్లెలిని తీసుకుని నేనే వెళ్లాను.

సంతకాల కాగితం పట్టుకుని నిలబడ్డాను. మనుషులు పక్క నుంచి వెళ్లిపోతున్నారు. "అన్నా, ఇట్ల నిలబడితే బస్‌స్టాప్ అనుకుంటరు," అంది చెల్లెలు. అప్పుడు మొదటిసారి ఒకావిడను అడిగాను. ఆవిడ ఆగలేదు. ఇంకొకాయనను అడిగాను. వానొచ్చింది. కొంతమంది సంతకం పెట్టారు. ఎలా చూసినా చాలవని నాకు తెలుస్తూనే ఉంది. మామ ఉంటే చాలేవేమో. ఆయన లేడన్నది ఆ వానలో నిలబడ్డాకే నాకు పూర్తిగా అర్థమైంది. ఏడుస్తూనే అడిగాను. నా జర్మన్ ఎవరికి అర్థమైందో తెలియదు.

దుకాణాలవాళ్లు గుడ్డలు మడిచి వ్యాన్లలో పెట్టుకుని వెళ్లిపోయారు. తడి నేల మీద క్యాబేజీ ఆకులు మిగిలాయి. అవి ఊడుస్తున్న మునిసిపాలిటీ ఆయన ఒక్కడే ఉన్నాడు. వెళ్లి ఆయనను అడిగాను. చీపురు భుజానికి ఆనించుకున్నాడు. చేతి తొడుగును పళ్లతో పట్టి లాగాడు. కాగితం తీసుకుని, వాన పడకుండా ముందుకు వంగి, పెదాలు కదుపుతూ మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టాడు.