సైమన్ కంటికి కనబడిందంటే ఉన్నట్టే

తాగేది ఏదైనా సరే, వెలుగుకెత్తి చూడకుండా సైమన్ గొంతులో పోసుకున్న పాపాన పోలేదు. తార్నాకలో చెరుకురసం బండివాడు గ్లాసు చేతికిస్తే, దాన్ని సూర్యుడికి అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి, మెల్లగా తిప్పి, కిందనుంచి పైదాకా చూసి అప్పుడు తాగేవాడు. ఈలోగా వెనకాల నలుగురు తాగి వెళ్ళిపోయేవారు. లాలాపేట్ చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసాన్ని కూడా కిటికీ వైపు ఎత్తాడు. పాస్టరుగారు ఓపిక పట్టి, పట్టి, "నాయనా, ఇది విశ్వాసంతో తాగేది. పరీక్ష చేసి కాదు" అన్నారు.

అలవాటు ఊరికే రాలేదు. యూనివర్సిటీ ల్యాబులో వాడి పనే అది. నీళ్ళంటే పడని మందులు కొన్ని ఉంటాయి. మింగితే ఒంటికి పట్టవు, నరంలోకి ఎక్కిద్దామంటే నీళ్ళలో కరగవు. అలాంటి మందును కంటికి ఆనని చిన్నచిన్న పొట్లాలుగా కట్టి, నీళ్ళకి తెలియకుండా నీళ్ళలోనే తిప్పాలి. పొట్లం విడిందా, మందు పలుకులై అడుగుకి చేరుతుంది. ఆ పలుకు నరంలోకి పోతే రోగం సంగతి తర్వాత, రోగే ఉండడు. అందుకని సీసాలో నలుసు ఉందా లేదా అని చూసే కన్ను కావాలి. ఆ డిపార్టుమెంటులో సైమన్ కంటికి తిరుగులేదు. యంత్రం "బాగానే ఉంది" అన్న సీసాను కూడా సైమన్ "ఊహూఁ" అంటే పారబోసేవారు.

పక్క బల్ల రఘువీర్‌ది. ఇద్దరూ ఒకే ఏడు చేరారు. ఇద్దరివీ కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డ కుటుంబాలే. తేడా అంతా సీసాల్లోనే. సైమన్ చేసిన మందు నెలల తరబడి బావినీళ్ళలా తేటగా నిలబడేది. రఘువీర్ చేసింది వారం తిరక్కుండా అడుగున తళతళలాడేది.

"ఏమోయ్ రఘువీర్" అనేవారు గైడు వెంకటసుబ్బారావుగారు, "సూదిమందు చేస్తున్నావా, పటికబెల్లం చేస్తున్నావా?"

ల్యాబంతా నవ్వేది. సైమన్ మాత్రం నవ్వడు. ఆ సీసా తీసుకుని వెలుగుకెత్తి, "అబ్బ, ఎంత అందమైన పలుకులురా!" అనేవాడు. మనస్ఫూర్తిగా అనేవాడు. దాంతో రఘువీర్‌కి రెండింతలు మండేది.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. పొద్దున క్లాసు ఉంటే మధ్యాహ్నానికి బందు. గేటు దగ్గర పోలీసులు, లోపల నినాదాలు, గాలి అటు తిరిగితే ల్యాబులో అందరికీ బాష్పవాయువు కన్నీళ్ళు. హాస్టల్ కుర్రాళ్ళు రఘువీర్ కనబడితే మర్యాదగా "నమస్తే అన్నా" అని తప్పుకునేవారు. మీది ఏ ఊరని ఎవరూ అడగలేదు గానీ, అడుగుతారేమోనని వాడికి గుబులుగా ఉండేది. అదే సైమన్ వస్తే ఊరేగింపు సైతం చీలి దారిచ్చేది.

"సైమనన్నా! రాయే, కూసో!"

"మా అమ్మానాన్నలది తెనాలి, నీకూ తెలుసుగా" అనేవాడు సైమన్.

"గయితే ఏంది? నువ్వు మా అన్నవే."

వీడిలో ఏముందని? నాకు లేనిదేంటి? ఇదే రఘువీర్ బాధ. సీసాలు సరే, మనుషులు కూడా వాడి దగ్గరే తేటగా నిలబడాలా?

పైగా ఆ భోజనం తంతొకటి. సైమన్ వాళ్ళమ్మ ఎవాంజెలిన్ టీచరుగారు పొద్దున్నే లేచి, ఒక్కడికి ముగ్గురి తిండి పెట్టి పంపేవారు. స్టీలు డబ్బాలో కనబడదని సైమన్ పప్పుచారు మాత్రం గాజు సీసాలో తెచ్చుకునేవాడు. వరండాలో కూర్చుని దాన్ని ఎండకెత్తి మొహం ముడుచుకునేవాడు.

"ఏదో తేలుతోందిరా."

"కరివేపాకురా అది!"

"కావచ్చు. నాకు మాత్రం సయించదు." రెండు అరటిపళ్ళు తిని, డబ్బా మొత్తం కిటికీ గట్టు మీద వదిలేసి లేచిపోయేవాడు. మెస్సు మూసి, కుర్రాళ్ళు మాడుతున్న రోజుల్లో ఈ వేషాలేంటని రఘువీర్ పళ్ళు నూరేవాడు.

ఒకరోజు సైమన్ రఘువీర్ సీసాను తిప్పి తిప్పి చూసి, "నీ మందు నీళ్ళలో ఉన్నంతసేపే అల్లరి. గడ్డకట్టించి, తడి లాగేసి, పొడి చేసి పెట్టు. సూది వేసేముందు నీళ్ళు పోసుకుంటారు" అన్నాడు.

"నీ సలహా అడిగానా?" అన్నాడు రఘువీర్. అని, సైమన్ లైబ్రరీకి వెళ్ళేదాకా ఆగి, సరిగ్గా అదే చేశాడు. పొడి నిలిచింది. ఎప్పుడు నీళ్ళు పోసినా క్షణంలో తేటపడేది. ఆ ఎండాకాలమంతా దాచినా చెక్కు చెదరలేదు.

అప్పుడే ఒక మందుల కంపెనీ నుంచి కబురొచ్చింది. ఈ ల్యాబులోంచి ఒక్క ఫార్ములా తీసుకుంటారు. చేసినవాడికి అక్కడే ఉద్యోగం. రఘువీర్ ఫెలోషిప్పు ఆ నెలతో సరి. సైమన్‌ది వేరే ఫెలోషిప్పు, ఇంకో ఏడాది ఉంది. అయినా ఎవరి సీసా వెళుతుందో గోడలకి కూడా తెలుసు. రఘువీర్‌కి అన్నం సయించలేదు.

ఎంపిక రోజు వెంకటసుబ్బారావుగారు ఇద్దరి సీసాలూ బల్లమీద పెట్టించారు. సైమన్ తన సీసాను కిటికీకెత్తాడు. ఒక కన్ను మూశాడు. తిప్పాడు. మొహం ముడిచాడు.

"సార్, నలుసుంది."

"నీ దాంట్లోనా?" సార్ కళ్ళజోడు పెట్టుకుని చూశారు. తీసి చూశారు. "నాకేం కనబడలేదే!"

"ఉంది సార్. పంపొద్దు."

సార్ నిట్టూర్చారు. సైమన్ కంటికి కనబడిందంటే ఉన్నట్టే. రఘువీర్ పొడి సీసాలు కంపెనీకి బయల్దేరాయి.

రఘువీర్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. దూద్‌పేడాల పెట్టె పట్టుకుని వరండాలో కనబడ్డవాడికల్లా పంచాడు. హాస్టల్లో ఉండే కొమురెల్లి ఒకటి నోట్లో వేసుకుని అటూ ఇటూ చూశాడు.

"సైమనన్న డబ్బా యాడ వెట్టిండన్నా ఇయ్యాల?"

"వాడి డబ్బాతో నీకేం పని?"

"మెస్సు బందయిన కాడికెంచి మా రూమోళ్ళకు గదే బువ్వ."

"ఏదో పడిందని వాడు వదిలేసిన తిండి మీరు తింటున్నారా?"

కొమురెల్లి పకపకా నవ్వాడు. "ఏం పడలేదన్నా. దినాం పడ్తదా ఏంది? తినుండ్రి అని చేతికిస్తే మేం వద్దంటమని ఆయనకెర్క. గందుకే మంచిగ లేదని ఆడ వెట్టి పోతడు. మేం గూడ ఏం ఎర్క లేనట్టు తింటం."

రఘువీర్ నోట్లో పేడా అక్కడే ఆగిపోయింది. పరుగున ల్యాబులోకి వెళ్ళి, పారేయబోతున్న సీసాల్లోంచి సైమన్‌ది తీశాడు. కిటికీ దగ్గర చూశాడు. తెల్లకాగితం ముందు, నల్లకాగితం ముందు, తలకిందులు చేసి చూశాడు. అందులో నలుసు కాదుగదా, నలుసు నీడ కూడా లేదు.

సైమన్ గేటు బయట చెరుకురసం బండి దగ్గర దొరికాడు.

"నీ సీసాలో ఏమీ లేదురా!"

"నీకు కనబడదులే."

"అబద్ధం ఎందుకాడావు? నా మీద జాలా?"

"జాలేంటి? నాది ఫ్రిజ్జులో ఉన్నంతవరకే మంచిది. కరెంటు పోతే గోవిందా. నీ పొడి లారీలో పడేసినా బతుకుతుంది. నిజంగా నీదే గట్టిదిరా."

"ఆ మాటే సార్‌తో చెప్పొచ్చుగా?"

"చెబితే సార్ దానిమీద రెండు నెలలు సెమినార్లు పెట్టించేవారు. ఈలోగా నీ ఫెలోషిప్పు అయిపోయేది. నలుసు అంటే నిమిషంలో తేలిపోయింది."

"పద, సార్‌కి చెప్పేస్తాను."

"వెళ్ళు. నీ కళ్ళని నమ్ముతారో, నా కళ్ళనో చూద్దాం."

రఘువీర్ గేటు వైపు రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. నిజమే మరి.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. వాళ్ళమ్మ విశాలాక్షి కంగారుగా వంటింట్లోంచి వచ్చింది.

"ఏరా, నీదే తీసుకున్నారటగా! మొహం అలా పెట్టావేం?"

"ఆ సైమన్ని తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోందమ్మా."

"మళ్ళీనా? ఈసారి ఏం చేశాడేం?"

"మంచి చేశాడు" అన్నాడు రఘువీర్ పళ్ళు కొరుకుతూ. "అందులో కూడా వాడే ఫస్టు!"