ఉమ్మడి దూలం

మల్కాపురంలో మా ఇంటికి గోడలు ఉత్త పైమెరుగు. బరువంతా కర్రదే. టేకు స్తంభాలు, వాటిమీద దూలాలు, ఆపైన వాసాలు. ఎవరు కట్టించారో తాతకే తెలీదు. ఆయన హయాంలో తాటాకు తీసి పెంకు వేశారు. నాన్న తడిక గోడలు పీకించి ఇటుక పెట్టించాడు. అమ్మ పోరు పడలేక గచ్చు తీసి టైల్సు వేశాం. కర్రని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. తుపానుకి పెంకులన్నీ లేచిపోయినా అది కదల్లేదని నేను డ్యూటీలో అందరికీ గొప్పలు చెప్పేవాణ్ణి.

నాన్న పోయాక అన్నయ్యా నేనూ ఇల్లు పంచుకున్నాం. మా వాళ్లలో నేల పంచుతారు గానీ నడిమి దూలం పంచరు. ఇంటి ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే మాను అది. దాని కిందదాకా అడ్డగోడ లేపుతారు, దూలం మాత్రం ఇద్దరిదీ. పెద్దల ముందు దానికి పసుపు రాసి, ఒకరికి చెప్పకుండా ఒకరం దానిమీద చెయ్యి వెయ్యబోమని ఇద్దరం మాటిచ్చుకున్నాం.

కొన్నాళ్లకి అన్నయ్య తన సగంలో శ్లాబు వేసుకుంటానన్నాడు. దూలం సంగతి గుర్తుచేశాను.

"నానేటి, తెలీనోణ్ణా? నువ్వు నిమ్మళంగా ఎల్లిరా" అన్నాడు.

సబ్బవరంలో మరదలి పెళ్లికి ఇంటిల్లిపాదీ వెళ్లాం. తిరిగొచ్చేసరికి అన్నయ్య సగం నేలమట్టం. దూలాన్ని అడ్డగోడ దగ్గరికి కోసేశారు. కోసినచోట చిన్న పుచ్చు కూడా లేదు. మా వైపు కప్పు ఒరిగిపోయి, పెంకులు మంచం మీద పడి ఉన్నాయి.

"నీ సగం నీకే ఉంచీసేను గదరా" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను.

వడ్రంగి వచ్చి చూసి, ఇక నిలబడదు, దించెయ్యాల్సిందే అన్నాడు. ఆ సాయంత్రమే అన్నయ్య వచ్చాడు.

"ఎలాగూ దించీత్తన్నావ్ గదా, ఆ సలం నాకిచ్చీ. గాజువాకలో ఫ్లాటు సూసుకో. నీ డ్యూటీకి దగ్గిర."

అప్పటిదాకా పనివాళ్ల పొరపాటేమోనని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. పొరపాటు కాదు, నన్ను నిలువునా ముంచాడు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని, ఆ దూలం ముట్టించి, "దీన్ని ఓ పక్క కోత్తే రెండో పక్కా పడిపోద్దిరా" అని చెప్పింది అన్నయ్యే.