అక్క చేతికందే ఇల్లు

మా కింది వాటాలో ఉండే దర్జీ ఆవిడను వీధి వీధంతా టేపక్క అనే పిలుస్తుంది. కొలతల టేపు ఆవిడ మెడలోంచి దిగగా చూసినవాళ్లు లేరు. ఎదురుపడితే చాలు, కళ్లతోనే నా నడుం కొలిచేసి, "తమ్ముడూ, నిరుటి ప్యాంటు ఈ ఏడు పట్టదు" అనేస్తుంది. పక్కన ఎవరున్నారన్నది చూసుకోదు.

పెళ్లి చేసుకోలేదు. పగలంతా ఇంటి నిండా ఆడవాళ్లే. చేతులెత్తమంటే ఎత్తుతారు, తిరగమంటే తిరుగుతారు, అద్దంతో మాట్లాడుకుని వెళ్లిపోతారు. ఆఖరి మనిషి గేటు వేసి వెళ్లాక కింద మిషను చప్పుడు ఆగుతుంది. ఆ తర్వాత ఒక పళ్లెం, ఒక గ్లాసు కడిగిన చప్పుడు. ఇక పొద్దున్నదాకా ఏమీ వినబడదు.

అలాంటి మనిషి ఒకరోజు ఆయాసపడుతూ మా మెట్లెక్కి వచ్చింది. "మా అక్క వస్తోంది తమ్ముడూ! నాతో ఉండటానికి!"

ఆ అక్క టెలిఫోను ఆఫీసులో పనిచేసి రిటైరైంది. ఏదో ప్రమాదంలో నడుము కింద చలనం పోయి, చాలా ఏళ్లుగా చక్రాల కుర్చీలోనే తిరుగుతోంది. పై అంతస్తులో, ఒక్కతే, దర్జాగా ఉంటుందట. ఆ భవనంలో పాత లిఫ్టు పీకేసి కొత్తది పెడుతున్నారు. ఆ పని అయ్యేదాకా చెల్లెలి దగ్గర ఉంటానంది.

"పని అయ్యేదాకానే కదక్కా?" అన్నాను.

"అలాగే అంటుంది, రానీ. ఇక్కడి సుఖం చూశాక మళ్లీ ఆ పైకెక్కి ఏం చేస్తుంది? ఇద్దరం ఇక్కడే ఉండిపోతాం."

"ఆ మాట ఆవిడతో అన్నావా?"

"ఇల్లు చూస్తే తనే అంటుంది."

ఇక ఇంటి మీద పడింది, జాకెట్టు గుడ్డ మీద పడ్డట్టు. స్టూలు మీద కూర్చుని, చెయ్యి చాచి, గోడల మీద సుద్దతో గీతలు గీసింది. "అక్క చెయ్యి నా చేతికంటే కాస్త పొట్టి. దాని జాకెట్లు కుట్టేది నేనేగా." గీతకు పైనున్న డబ్బాలూ గిన్నెలూ అద్దమూ అన్నీ కిందికి దిగాయి. కటింగు బల్ల కాళ్లు కోయించి దాని మీదికి స్టవ్వు దించింది. అద్దె ఇల్లు గనక స్విచ్చులు దింపే వీల్లేక, నొక్కడానికి చివర రబ్బరు తొడిగిన కర్ర తయారుచేసింది. స్నానాల గది తలుపు కుర్చీకి అడ్డొస్తుందని వడ్రంగి చేత ఊడదీయించి, మందపాటి తెర కుట్టి కట్టింది.

మిగిలింది వాకిట్లో మెట్లు. వాటి మీద బల్లలు వాలుగా వేశాక, "ముందు మనిషిని కూర్చోబెట్టి చూడాలమ్మా" అన్నాడు వడ్రంగి. ఇద్దరూ తలతిప్పి నన్ను చూశారు. చక్రాలున్న నా తిరుగుడు కుర్చీనే పైనుంచి కిందికి దింపారు. కూర్చున్నాను. "పట్టుకున్నాను సార్" అన్నాడు వడ్రంగి. పట్టుకున్నాడు నిజమే, గుమ్మాన్ని. నేను వెనక్కి జారి, గేటు దాటి, ఎదురింటివాళ్లు ఆరేసిన దుప్పటిలో చుట్టుకుని ఆగాను. దుప్పటి లోపలికి టేపక్క నవ్వు వినిపించింది. అన్నేళ్లలో ఆవిడ అంత గట్టిగా నవ్వగా వినలేదు, అందుకని కోపం తెచ్చుకోలేకపోయాను. బల్లలు గేటుదాకా పొడిగించారు. అక్కడ పెట్టుకునే నా స్కూటరు వీధిన పడింది.

అక్క వ్యానులో వచ్చింది. పెద్ద గొంతు, బలమైన భుజాలు. టేపక్క పరుగున వెళ్లి కుర్చీ వెనక పట్టుకోబోతే, "తియ్యవే చేతులు, నేనేమైనా కూరల బండినా?" అని తనే చక్రాలు తిప్పుకుంటూ లోపలికి వెళ్లింది. ఒక్కొక్కటే ముట్టుకుని చూసింది.

"నా సొంతింట్లో కూడా నాకిన్ని అందవే" అంది చివరికి.

ఆ మాట టేపక్క మాకు చెప్పింది, వడ్రంగికి చెప్పింది, జాకెట్లకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది.

తర్వాతే వచ్చింది చిక్కు. అక్క తన టీ తనే పెట్టుకునేది. తన బట్టలు తనే మడతపెట్టుకునేది. కిటికీ దగ్గర పుస్తకం చదువుకునేది. టేపక్క మిషను తొక్కుతూ చెవి అటే పడేసేది. పిలుపు రాదు. జాకెట్టు కుట్టేటప్పుడు పక్క కుట్టులో ఎప్పుడూ కాస్త గుడ్డ లోపలికి వదిలే మనిషి, ఇంటి విషయానికి వచ్చేసరికి తనకంటూ ఏ పనీ మిగుల్చుకోలేదు. పైగా ఆ పొట్టి స్టవ్వు ముందు వంగి వంగి నడుం పట్టేసింది.

ఒకరోజు నేను వెళ్లేసరికి స్టూలెక్కి చక్కెర డబ్బా పై అరలో పెడుతోంది. నన్ను చూసి "చీమలు" అంది. మర్నాడు టీపొడి పైకెక్కింది. ఆ తర్వాత అక్క దువ్వెన.

"ఏమే, మీ చీమలు దువ్వెన కూడా తింటాయా?" అంది అక్క.

ఆ సమయంలో నేను ప్యాంటు వదులు చేయించుకుంటూ మధ్యలో నిలబడి ఉన్నాను. నడుం చుట్టూ గుండుసూదులు. పారిపోయే దారి లేదు.

"అందకపోతే నన్ను పిలవచ్చుగా" అంది టేపక్క, నోట్లో సూదులతోనే.

"పిలవాలనే పెట్టావా పైన?"

టేపక్క నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసింది. "వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారి పిలిచావా నన్ను?"

"ఇంత కష్టపడి అన్నీ నా చేతికందేట్టు చేశావు. పిలిస్తే నీ పనికి వంక పెట్టినట్టుంటుందని పిలవలేదే."

"ఉండిపోవే అక్కా."

నేను గోడనున్న సుద్దగీతల వైపు చూశాను. ఇంకెటు చూడాలో తెలియలేదు.

"ఉండనే" అంది అక్క, ఈసారి చిన్న గొంతుతో. "అక్కడ నాకు ఇరుగుపొరుగున్నారు. నా కిటికీ ఉంది, నా గోల ఉంది. నాకక్కడ ఏమీ తోచకపోవడం అంటూ లేదు. నీకిక్కడ ఇలా ఉందని ఎప్పుడైనా చెప్పావా?"

"ఫోన్లో ఇవన్నీ ఎలా చెప్తారు?"

"ఫోనాఫీసులో పనిచేసినదాన్నే అడుగుతున్నావా?"

ఇద్దరూ నవ్వబోయారు, కుదరలేదు. టేపక్క మళ్లీ నా నడుం దగ్గరికి వంగింది. "ఊపిరి వదులు తమ్ముడూ, కొలత తప్పుతుంది" అంది.

లిఫ్టు పని పూర్తి కావచ్చింది. మిగిలిన ఆ కాసిని రోజులూ అక్క ఒకటే పిలుపు. "ఒసేయ్, ఇలా రా. కిటికీ వెయ్యి." "ఒసేయ్, కిటికీ తియ్యి." "ఒసేయ్, ఈ రంగు బాగుందా?" టేపక్క కుట్టు వదిలేసి పరిగెత్తడం, "పని చేసుకోనివ్వవా నన్ను?" అని విసుక్కోవడం. ఆ విసుగు పైదాకా వినిపించేది, పాటలాగా.

వ్యాను వచ్చింది, అక్క వెళ్లిపోయింది. వడ్రంగి వచ్చి బల్లలు పట్టుకుపోయాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం నేను మెట్లు దిగుతున్నాను. కింద మిషను టక్కున ఆగింది. "ఆఁ, వస్తున్నానే!" అంది టేపక్క. అక్క మళ్లీ వచ్చిందేమోనని తొంగిచూశాను. గదిలో ఎవరూ లేరు. ఆవిడ సగం లేచి, గుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

నన్ను చూసింది. "నువ్వా పిలిచింది?"

"అవునక్కా" అన్నాను.

ఎందుకని అడిగితే ఏం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. అడగలేదు. కూర్చుని, గుడ్డ సర్దుకుని, మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.