గుంపులో నా గొంతు

నాకు నత్తి. అది గుడియాత్తంలో మా నేతవీధికంతా తెలిసిన సంగతే. దొరల పాలనలో, నేను చిన్నపిల్లగా ఉన్నప్పటి మాట. నత్తి మాన్పించాలని మా నాయన ఎద్దులబండి కట్టించి నన్ను వేలూరులో ఒక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన వసకొమ్ము అరగదీసి నా నాలుకకు రాశాడు. గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, గోడను చూస్తూ ఒక్కో మాటా పలకమన్నాడు. గోడ ముందు నా నోరు ఇంకా బిగుసుకుపోయింది. "అమ్మ" అనే మాట కూడా గొంతు దాటలేదు.

వాకిట్లో ఉన్న నాయనకు ఉండబట్టలేదు. "అయ్యా, వీధిలో పడుగు నూలుకు గంజి పెట్టేటప్పుడు పిల్లోళ్ళంతా కలిసి పాడతారు. వాళ్ళతో అయితే ఇది యాడా తడబడదు. గడగడా పాడతాది," అన్నాడు.

వైద్యుడు నవ్వాడు. "గుంపులో ఎవరి గొంతు ఎవరికి తెలుస్తాదప్పా? అది దీని మాట కాదు. ఒంటిగా చెప్పేదే మాట."

నాకు ఒళ్ళు మండింది. ఆ పాటలో ప్రతి అక్షరమూ నా నోట్లోంచే వచ్చింది. పక్కన పదిమంది పాడినంత మాత్రాన అది అరువు గొంతైపోతుందా?

"నా... నా... నా గొంతే!" అన్నాను.

"సరిగ్గా చెప్పు," అన్నాడాయన.

మళ్ళీ అన్నాను. అదే నత్తితో, ఇంకా గట్టిగా. నా మాట పూర్తికాకముందే ఆయన విసుక్కుని ముఖం తిప్పుకున్నాడు.

ఈ ముసలితనంలోనూ నాకు నత్తి ఉంది. నేను మాట మొదలుపెడితే, అది పూర్తయ్యేదాకా ఎదుటివాళ్ళు కాచుకోవాల్సిందే. అంత ఓపిక లేనివాళ్ళు వేలూరు పోయి వైద్యం చేయించుకోవచ్చు.