జననాలు, మరణాలు పక్కపక్కనే

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వచ్చిన మా మనవరాలు ఈ పొద్దున పేపర్లో ‘చరిత్రలో ఈ రోజు’ చదివి వినిపించింది. పిల్లకు ఈ రోజుతో పదేళ్లు నిండాయి. మా ఆయన పోయిందీ ఇదే తేదీన. అందుకే ఇన్నేళ్లూ కొడుకింట్లో కూడా నేను పాయసం వండనివ్వలేదు.

“చూడవ్వా, పుట్టినోళ్లను, పోయినోళ్లను పక్కపక్కనే ఏసినారు. వాళ్లేమన్నా కొట్లాడుకుంటాండారా?”

“ఎక్కువ మాట్లాడొద్దు.”

“తాత ఆబ్దికం తిథి ప్రకారం పోయిన వారమే పెట్టినాం గదా! ఈ దినమన్నా నాకియ్యి.”

నిజమే. ఆయనకు ఏడాదికి రెండు రోజులిచ్చి, పిల్లకు ఒక్కటీ మిగల్చలేదు. సాయంత్రం నేనే పాయసం వండాను. ఏలకుల వాసన ఇల్లంతా మెల్లగా పరుచుకుంటుంటే, ఆయన వసారాలో కూర్చుని “నాకేదీ?” అని అడుగుతున్నట్టే ఉండింది. మీ ఇంట్లో ఇట్లాంటి తేదీ వస్తే ఎవరి పేరున జరుపుకుంటారు?