స్టిక్కరు పీకిన ల్యాప్‌టాప్‌కు గ్యారంటీ

ఫోన్ మోగితేనే నాకు విసుగు. ఇదివరకు ఎప్పుడో ఒకసారి మోగేది, అదీ ఎవరి సీమంతానికో చావుకో పిలవడానికి. ఆ నెలంతా మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోగానే మోగేది. తీస్తే ఒక ఆడపిల్ల గొంతు. మాట్లాడేది మా ఊరి తమిళం, మధ్యమధ్య ఇంగ్లీషు. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌కు మొదట ఇచ్చిన ఏడాది గ్యారంటీ అయిపోవస్తోందట. అయ్యేలోగా డబ్బు కడితే ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారట. గడువు దాటాక కాళ్ళు పట్టుకున్నా ఇవ్వరట.

కొన్న రోజు బిల్లులో నా ఫోన్ నంబరు రాయించింది మా అమ్మాయి, పని చేసేటప్పుడు తన ఫోన్ మోగకూడదని. అందుకని ఆ పిల్ల నన్నే పట్టుకుంది.

"మళ్ళా చేసినారు పాపా, ఏం చెప్పేది?" అని అడిగితే మా అమ్మాయి తెర మీద నుంచి కళ్ళు తీసేది కాదు.

"నువ్వే చెప్పుమా. నువ్వు సరి అంటే సరి."

మా ఆయన పోయినప్పటి నుంచి ఇంట్లో అన్నీ ఇంతే. ఇల్లు మారాలా వద్దా, ఏ డాక్టరు దగ్గరకు పోవాలి, మోటారు మార్చాలా బాగుచేయించాలా, అన్నీ నా నెత్తికే వస్తాయి. నేను బడికి పోయింది కొన్నాళ్ళే. తమిళం కూడబలుక్కుని చదువుతాను. తెలుగైతే నోటికి వచ్చు, అక్షరం రాదు. ఇది కూడా నేను చెబుతుంటే పక్కింటావిడ రాస్తోంది. అలాంటి దాన్ని కూర్చోబెట్టి ఒక ల్యాప్‌టాప్ ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పమంటే ఏం చెప్పను?

చెప్పకుండా తోసెయ్యడానికీ లేదు. మా అమ్మాయి ఆసుపత్రుల బిల్లులు సరిచూసే ఒక కంపెనీకి ఇంట్లో కూర్చునే పని చేస్తుంది. ల్యాప్‌టాప్ వాళ్ళివ్వరు, మనదే ఉండాలి. అంతకుముందు వేరే చోట చేసేది. అప్పుడున్న పాత ల్యాప్‌టాప్ ఒకనాటి పొద్దున వెలగలేదు. రిపేరు చేసేవాడు రేపన్నాడు, ఎల్లుండన్నాడు. అది బాగై వచ్చేసరికి ఆ పనిలో ఇంకో అమ్మాయిని పెట్టుకున్నారు. మళ్ళీ పని దొరికేదాకా నా బిడ్డ ముఖం నేను చూశాను. అన్నం కలిపేది, తినకుండా లేచిపోయేది. మళ్ళీ అదే జరిగితే నేను చూడలేను. మా ఇద్దరి అద్దె, బియ్యం, నా మాత్రలు, అన్నీ ఆ పలకంత దాని మీదే నడుస్తున్నాయి.

మా ఆయనకు, ఆయన తమ్ముడికి బజారులో స్టీలు పాత్రల అంగడి. ఇప్పుడు మా మరిది ఒక్కడే చూసుకుంటున్నాడు. బేరానికి వచ్చినవాళ్ళు గ్యారంటీ ఉందా అని అడిగితే మా ఆయన నవ్వేవారు. "స్టీలుకు గ్యారంటీ ఏందమా, మనకంటే అదే నిలుస్తాది," అనేవారు. అలాగే నిలిచింది. ఆయన పేరు కొట్టిన బిందెలు, గిన్నెలు, కాఫీ లోటాలు వంటింట్లో ఉన్నాయి. వాటిని తోముతూ నేను ఉన్నాను.

ల్యాప్‌టాప్ స్టీలు కాదు కదా. రెడ్డియార్‌పాళయంలో మా వీధిలో ఉన్నవాళ్ళను అడిగాను. ఒకావిడ ఫ్రిజ్‌కు పొడిగించుకుంటే మనుషులు ఇంటికొచ్చి బాగుచేసి పోయారట. ఎదురింటాయన అంతా దండగ, చెడితే అప్పుడు చూసుకోవచ్చు అన్నాడు. ఆయనకు పింఛను వస్తుంది, చెడితే అప్పుడు చూసుకోగలడు. నాకు ఆ పాత ల్యాప్‌టాప్ పోయిన పొద్దునే కళ్ళ ముందు తిరిగింది. ఆ పిల్ల మళ్ళీ ఫోన్ చేసినప్పుడు, "సరేమ్మా, తీసుకుంటాము," అనేశాను. ఎంతో అలసట దిగినట్టయింది.

"చాలా సంతోషం అమ్మా. అడుగు భాగంలో స్టిక్కరు మీద ల్యాప్‌టాప్ నంబరు ఉంటుంది. దాన్ని ఒక ఫోటో తీసి పంపండి," అంది.

మా అమ్మాయి ల్యాప్‌టాప్‌ను తిరగేసింది. తిరగేసి అలాగే ఉండిపోయింది.

"స్టిక్కరు యాడుండాదిమా?"

స్టిక్కరు లేదు. స్టిక్కరు ఉండాల్సిన చోట తమిళ అక్షరాల్లో, గుండ్రంగా, మా ఆయన పేరు ఉంది.

ఆ పేరు అక్కడుందని మాకు తెలుసు. దొంగతనంగా కొట్టింది కాదు. ల్యాప్‌టాప్ కొన్న రోజు ఇంటికి వస్తూ మరిదికి చూపిద్దామని అంగట్లో ఆగాము. ఆయన ఊదుబత్తి వెలిగించి దాని చుట్టూ తిప్పాడు. "పేరు లేకుండా మా అంగడి గడప దాటకూడదు," అని పేర్లు కొట్టే మిషను చేతికి తీసుకున్నాడు. పాత్రల అంగట్లో పేరు కొట్టే ముందు ధర స్టిక్కరు గోటితో గీరి తీసేస్తారు. జిగురు పోవడానికి కాస్త కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడుస్తారు. మరిది చేతికి అదే అలవాటు. ల్యాప్‌టాప్ అడుగున కూడా ఒక స్టిక్కరు కనబడింది. గీరాడు, నూనె రాశాడు, తుడిచాడు, నున్నగా అయినచోట అన్న పేరు కొట్టాడు. నేనూ మా అమ్మాయీ పక్కనే నిలబడి చూశాము. ఏం తప్పనిపించలేదు. ఆ మిషను గుర్రుమంటుంటే నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి కూడా.

ఆ పిల్ల ఫోన్ చేస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమెకు ముందు అర్థం కాలేదు. "గిన్నెల మీద కొడతారే, ఆ పేరా అమ్మా?" అని అడిగింది. అదే అన్నాను. నవ్వు ఆపుకున్నట్టుంది. పెద్దవాళ్ళను అడిగి వస్తానని పాట పెట్టింది. ఆ పాట చాలాసేపు మోగింది. అన్నం చల్లారిపోయింది.

"తీసుకోవచ్చన్నారమ్మా. ల్యాప్‌టాప్ నంబరు బిల్లులో కూడా ఉంది కదా, అది చాలు. డబ్బు కట్టేయండి."

"కడతా. రేపు చెడిపోతే మీవాళ్ళు దీన్ని చూసి, స్టిక్కరు పీకినారు, గీతలు గీసినారు, కుదరదు అంటే?"

"అది రిపేరుకు వచ్చినప్పుడు చూసి చెబుతారమ్మా."

"ఇప్పుడు చెప్పలేరా?"

"ఇప్పుడు చెప్పలేమమ్మా. రేపు మళ్ళీ చేస్తాను, ఆలోచించుకోండి."

ఆ సాయంత్రం మా అమ్మాయి స్కూటీ వెనక కూర్చుని అంగడికి పోయాను. సంగతి విని మరిది తల పట్టుకున్నాడు.

"అది రేటు స్టిక్కరు అనుకున్నా వదినా. పేరు లేని పాత్రం పెండ్లిలో పోతే తిరిగి వస్తాదా, చెప్పు?"

"ల్యాప్‌టాప్‌లో సాంబారు పోసి పెండ్లికి పంపిస్తామా నాయనా?" అన్నాను.

"పంపించేది లేదులే. ఒక పని చేస్తా. రుద్ది పాలీసు పెడతా, పేరు తెలియకుండా పోతాది."

"పేరు పోతే నంబరు వస్తాదా చిన్నాయనా?" అంది మా అమ్మాయి. కోపం కొంత, నవ్వు కొంత.

"నంబరు ఎట్ల వస్తాది?"

"అయితే నాయన పేరును ఎందుకు తీసేది? ఉండనీ."

మరిది ముఖం చిన్నబోయింది. ఆ పొడిగింపు డబ్బు తాను కడతానన్నాడు. వద్దన్నాను. అంగట్లో కొనేవాళ్ళు లేరు, ఆయన బనియను చినిగి ఉంది. పైగా కట్టడం ఎవరు కట్టినా, చివరికి మాట వాళ్ళ నోట్లోనే ఉంటుంది. ఇస్తామనీ అనరు, ఇవ్వమనీ అనరు. మా ఆయన జబ్బుపడ్డ మూడో నెలలో ఆసుపత్రి వాళ్ళు కూడా అలాగే అన్నారు, చూసి చెబుతాము అని. నాకు ఆ మాట వినే ఓపిక లేదు. గ్యారంటీ కొనేది నిద్ర పట్టడానికి. డబ్బు కట్టిన తరవాత కూడా నిద్ర పట్టకపోతే దేనికి?

మరునాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. వద్దని చెప్పేశాను.

"కారణం ఏదో ఒకటి కంప్యూటర్లో నొక్కాలమ్మా. ధర ఎక్కువనా?"

"ఎక్కువే. దానికోసం కాదు."

"వేరే చోట తీసుకున్నారా?"

"లేదు."

"ల్యాప్‌టాప్ అమ్మేశారా?"

"మా ఇంటాయన పేరుంది దాని మీద. అది మీకు ఒప్పుదలో కాదో మీరే చెప్పలేకపోతున్నారు. అదీ కారణం."

వెనక ఇంకా ఎందరో ఆడపిల్లలు ఇవే మాటలు ఎవరికో చెబుతున్న చప్పుడు వినబడింది.

"ఆ కారణం నా లిస్టులో లేదమ్మా. 'ఆసక్తి లేదు' అని పెట్టేదా?"

"పెట్టుకో తల్లీ. తిన్నావా?"

"ఇంకా లేదమ్మా," అని ఫోన్ పెట్టేసింది. పాపం, ఆమె గొంతు కూడా నా గొంతులాగే గీరుకుపోయి ఉంది.

మా అమ్మాయి అంతా వింటూనే ఉంది. "చెప్పేసినావా?"

"చెప్పేసినా."

"రేపు ఇది నిలిచిపోతే?"

నువ్వు సరి అంటే సరి అన్నావు కదే అని నోటిదాకా వచ్చింది, అనలేదు. అంటే ఆ మాట ఇంట్లో ఎన్నాళ్ళు తిరుగుతుందో నాకు తెలుసు. మా అమ్మాయి మళ్ళీ తెర వైపు తిరిగింది.

మరుసటి ఆదివారం తానే అంగడికి పోయింది. బిల్లులు వేసే కంప్యూటరు ముందు కూర్చుని, తన ఆఫీసు పని దాంట్లో నడుస్తుందా అని చూసుకుంది. నడుస్తుందట, కొంచెం నిదానంగా.

"ఇంట్లోది చెడితే ఆ దినమే నేను ఈడ కూర్చోవాల చిన్నాయనా. మళ్ళా కుదరదు అనకూడదు."

"నీ అంగడి పాపా ఇది. గల్లా పక్కన మూల ఖాళీ చేసి పెడతా. బేరం యాడుండాది, నువ్వన్నా కూర్చో."

ఇప్పటికి ఇంట్లోది నడుస్తోంది. వేడెక్కినప్పుడు లోపల ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, వంటింట్లో ఉన్నా నా చెవి అటే పోతుంది. మా అమ్మాయి తల ఎత్తి చూసి, "ఏం లేదుమా," అంటుంది. మళ్ళీ పనిలో పడుతుంది.

నిన్న కూరగాయలకు పోయినప్పుడు అంగట్లోకి తొంగి చూశాను. గల్లా పక్కన మూలలో టిఫిన్ క్యారియర్ల అట్టపెట్టెలు నా భుజాల ఎత్తున అలాగే ఉన్నాయి. "రేపు తీస్తా వదినా," అన్నాడు మరిది. సంచి కింద పెట్టి, పైన ఉన్న పెట్టె నేనే దించాను.